పక్కవాద్యాల చోటు

మా ప్రాంతంలో, అంటే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలలో, ఈ పదిపదిహేనేళ్లుగా కట్టిన ఇళ్లలో హాలులోకి అడుగుపెట్టి తల పైకెత్తితే ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. పైకప్పు కింద, గోడలు కలిసే మూలల్లో, పిచ్చుకగూళ్ల వలె రెండో నాలుగో నల్లని పెట్టెలు వేలాడుతూ ఉంటాయి. ఒకటి ఫ్యానును చూస్తూ ఉంటుంది. మరొకటి ఎదుటి గోడ మీది క్యాలెండరును చూస్తూ ఉంటుంది. మనుషుల వైపు చూసేది ఒక్కటీ ఉండదు.

వీటిని హోమ్ థియేటర్ పరిభాషలో సరౌండ్ స్పీకర్లు అంటారు. అవి అక్కడ ఎందుకున్నాయని ఇంటి యజమానిని అడగండి. తీగ అటే వచ్చింది, మేకు అక్కడే దిగింది, అక్కడైతే పిల్లలకు అందదు, చూడ్డానికి ఒద్దికగా ఉంది: వీటిలో ఏదో ఒకటి సమాధానంగా వస్తుంది. అక్కడి నుంచి బాగా వినిపిస్తుంది గనుక పెట్టామని చెప్పినవారు నాకింకా తారసపడలేదు. టీవీ ఏ దిక్కున ఉండాలో వాస్తు తెలిసినవారిని అడిగి నిర్ణయించిన ఇళ్లు నేనెరుగుదును. కూర్చున్న మనిషి చెవి నేలకు ఎన్ని అడుగుల ఎత్తున ఉంటుందో కొలిచి స్పీకరు బిగించిన ఇల్లు మాత్రం బహు అరుదు.

నా అభిప్రాయం సూటిగా మనవి చేస్తాను. ఈ స్పీకర్ల స్థానమూ కోణమూ తప్పితే సోఫా నడుమ కూర్చున్న యువకునికి పెద్ద నష్టం లేదు. ఓ చివర, గోడవారగా కూర్చునే వృద్ధులు నష్టపోతారు. వారికి చప్పుడు అందుతుంది గానీ మాట అందదు. మాట అందని మనిషి నాలుగు రోజులు చూసి, ఏదో పని ఉందని లేచి వంటింట్లోకి పోతాడు. ఇంట్లోవాళ్లు ఆయనకు సినిమాల మీద ఆసక్తి తగ్గిందనుకుంటారు.

మొదట ఆ పేరు సంగతి. తెలుగు పండితుణ్ణి గనుక దీనికొక తెలుగుమాట కల్పించమని పూర్వవిద్యార్థి ఒకడు నన్నడిగాడు. ‘పరివేష్టక ధ్వనివిస్తారకం’ అన్నాను. వాడు నవ్వాపుకోలేక పోయాడు, నేనూ నవ్వాను. అటువంటి మాటలు నిఘంటువులో నిద్రపోవడానికే పుడతాయి. స్పీకరు అన్నమాట మైకు, రేడియోల వలె మన నాలుకకు ఎప్పుడో లొంగింది. నాకు తోచిన వాడుకమాట ‘పక్కస్పీకరు’. కచేరీలో పక్కవాద్యం ఉన్నట్టే ఇదీను. పక్కవాద్యం గాత్రాన్ని మోయాలి, దానికి నిండుదనం తేవాలి, గాత్రం మీద పడి కరవకూడదు. ఈ వ్యాసంలో ఇకమీదట పక్కస్పీకరు అనే వాడతాను.

ఇది చేయవలసిన పనేమిటి? తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’ రచించినప్పుడు ధ్వని అనే మాటను చెవికి తగిలే చప్పుడనే అర్థంలో వాడలేదు. పైకి చెప్పిన అర్థం చాటున స్ఫురించే అర్థానికి ఆ పేరు పెట్టాడు. పక్కస్పీకరు ధర్మం దానికి చాలా దగ్గరది. తెర మీద నాయిక కిటికీ దగ్గర నిలబడి ఉంటే బయట వాన పడుతోందని మనకు తోచాలి. ఆ వాన ఎడమగోడ మీది పెట్టెలో పడుతోందని తోచకూడదు. సంత, అడవి, గుడి ప్రాంగణం, రైలుపెట్టె: వీటి వాతావరణం మన చుట్టూ పరచుకోవాలి. పెట్టె ఎక్కడుందో వేలుపెట్టి చూపగలిగామంటే అది పెట్టిన చోటో, తిప్పిన దిక్కో, మోగే బలమో ఏదో ఒకటి తప్పిందన్నమాట.

మాట మాత్రం ఎప్పుడూ ఎదుటి నుంచే రావాలి. ఈ సూత్రం తెలుసుకోవడానికి మనం విదేశాలకు పోనక్కరలేదు. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మలకు ప్రసిద్ధి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు. బొమ్మలాటలో ఆడించేవారు తెర వెనుకనే ఉంటారు, పద్యం అక్కడి నుంచే పాడతారు, తాళమూ మద్దెలా అక్కడివే. యుద్ధఘట్టం వస్తే కాళ్ల కింద పరచిన పలకలను దబదబ తొక్కుతారు. రావణుని బొమ్మ కదిలిన చోటి నుంచే రావణుని గొంతు వస్తుంది. చూసేవారి వెనుకనుంచి వచ్చేవి ఊరి శబ్దాలే: కుక్కలు, చంటిపిల్లలు, ఎండుటాకుల గలగల. ఒక విధంగా చూస్తే నిర్ఖర్చుగా అమరిన పక్కస్పీకర్లవి.

చిత్రపరిశ్రమకు కూడా ఈ జాగ్రత్త మొదటినుంచీ ఉంది. 1940లో వాల్ట్ డిస్నీ ‘ఫాంటాసియా’ కోసం ఫాంటాసౌండ్ అనే బహుస్పీకర్ల విధానాన్ని తయారు చేయించారు. అది ఖరీదెక్కువై కొద్ది థియేటర్లతోనే ఆగిపోయింది. 1970లలో వచ్చిన డాల్బీ స్టీరియోలో చుట్టూ ఉండే స్పీకర్లన్నింటికీ కలిపి ఒకే ఒక శబ్దధార ఉండేది. దాన్ని కావాలని క్షణంలో స్వల్పభాగం ఆలస్యం చేసి వదిలేవారు. కారణం ఏమిటంటే తెర మీది సంభాషణ కొంత ఆ వెనుకధారలోకి కారేది. అది ఆలస్యంగా చేరితే చెవి దాన్ని లెక్కచేయదు, ముందు చేరిన తెర శబ్దాన్నే మూలమని నమ్ముతుంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్ముట్ హాస్ 1949లో తన పరిశోధనలో వివరించినది ఈ శ్రవణధర్మాన్నే. ఒకే శబ్దం రెండు దిక్కులనుంచి కొద్ది మిల్లీసెకన్ల తేడాతో వస్తే, ముందు వచ్చిన దిక్కే చెవికి ప్రమాణం. ఆ తరువాత 1992లో డాల్బీ డిజిటల్, 1993లో డీటీఎస్, 2012లో పైకప్పు నుంచి కూడా వినిపించే డాల్బీ ఆట్మాస్ వచ్చాయి. ధారలు పెరిగాయి, ఆ ధర్మం మారలేదు. హాసుగారి సూత్రాన్ని గుర్తుంచుకోండి, ధర్మవరంలో మళ్లీ అవసరపడుతుంది.

ఇక కొలతలు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ఐదు స్పీకర్ల అమరికకు ఒక ప్రమాణం నిర్దేశించింది. కూర్చున్నవాడి ముక్కుకు సూటిగా ఉన్న దిక్కును సున్నా డిగ్రీలనుకుంటే మధ్యస్పీకరు అక్కడ, ముందరి ఎడమకుడి స్పీకర్లు చెరో 30 డిగ్రీల దగ్గర, పక్కస్పీకర్లు చెరో వైపు 100 నుంచి 120 డిగ్రీల నడుమ ఉండాలి. కోణమానిని వెదకనక్కరలేదు. మీరు మామూలుగా కూర్చునే చోట కూర్చుని రెండు చేతులూ బారచాచండి. అది 90 డిగ్రీలు. నొప్పి పుట్టని మేరకు చేతులను కొద్దిగా వెనక్కి జరపండి. వేళ్లు చూపే దిక్కే పక్కస్పీకరు చోటు. ఏడు స్పీకర్ల అమరికలో అయితే పక్కవి సుమారుగా భుజాల వరుసలోకి వస్తాయి, అదనంగా వచ్చే రెండూ వీపు వెనక్కి, 135 నుంచి 150 డిగ్రీల నడుమకు పోతాయి. అంతటి చోటున్న హాలు మన ఊళ్లలో నూటికొక ఇంట్లో కూడా ఉండదు గనుక ఆ సంగతి వదిలేస్తున్నాను.

స్థానం కుదిరాక దృష్టి కుదరాలి. లేపాక్షి నాట్యమండపానికి వెళ్లినవారికి ఈ మాట తేలికగా అర్థమవుతుంది. నడిమి అంకణం చుట్టూ ఉన్న స్తంభాల మీద తుంబురుడు, మృదంగం పట్టిన బ్రహ్మ, మూడుకాళ్ల భృంగి, నాట్యమాడే రంభ కనిపిస్తారు. ఆ నడుమ నిలబడితే చుట్టూ ఉన్నవారందరూ మనకే వినిపిస్తున్నారన్న భావన కలుగుతుంది. వాద్యగాండ్లను ఎక్కడ కూర్చోబెట్టాలన్నది మనవాళ్లకు ప్రత్యేక శాస్త్రవిషయం. భరతుడు నాట్యశాస్త్రంలో దానికి కుతపవిన్యాసమని పేరే పెట్టాడు. అన్నట్టు కోణమన్న మాటకు మూల అనే అర్థంతోబాటు వీణ మొదలైనవాటిని వాయించే పుల్ల అనే అర్థమూ ఉంది. అమరసింహుడు దాన్ని నాట్యవర్గంలో చేర్చాడు. మన స్పీకరు బిగించేవారు మొదటి అర్థం దగ్గరే ఆగిపోయినట్టున్నారు.

పై కొలతలన్నీ నాలుగు గోడలూ సమంగా ఉండి, సోఫా గది నడుమ ఉన్న ఇంటికి సరిపోతాయి. హిందూపురంలో కొత్త ఇళ్లు అలా లేవు. హాలు, భోజనాల చోటు కలిపి ఒకటే పొడవుగది. సోఫాకు ఒక పక్క గోడ ఉంటుంది, రెండో పక్క ఫ్రిజ్ దాకా ఖాళీ. సోఫా వెనుక గోడకు ఆనుకుని ఉంటుంది. వెనుక చోటు వదిలితే పది అడుగుల వెడల్పు హాలులో నడవడానికి దారుండదు. ఇటువంటి ఇంట్లో వీపు వెనుక స్పీకరు పెట్టాలన్న పట్టుదల వద్దు. వీపు వెనుక గోడకే బిగించిన స్పీకరు, తల వెనుక అడుగు దూరంలో మోగుతూ, మెడ మీద ఎవరో ఊదినట్టు చిరాకు పెడుతుంది. భుజాలకు సూటిగా, 90 డిగ్రీల దగ్గర పెట్టినా తప్పులేదు. గోడ లేని వైపు నిలువు స్టాండు ఒకటి పెట్టుకోవచ్చు. ఒకవైపు గోడకు అతికి, మరోవైపు ఖాళీలో ఉన్న స్పీకర్లు రెండూ ఒకే బలంతో వినిపించవు. గోడ దగ్గరిదాని మంద్రశబ్దం గోడవల్ల పెరుగుతుంది. ఒకటి రెండు డెసిబెల్లులు తగ్గించి సరిచూసుకోవాలి. తీగలు లేనివి కొన్నామని కొందరు ధీమాగా చెబుతారు. శబ్దపు తీగే లేదు గానీ వాటిలో చాలావాటికి కరెంటు తీగ ఉండవలసిందే, దానికి ప్లగ్గు ఉన్న చోటే అవి ఉండవలసిందే. ఇల్లు కట్టేటప్పుడే భుజాల వరుసలో అటొక పాయింటు, ఇటొక పాయింటు పెట్టించమని కట్టుబడిలో ఉన్నవారికి నా సలహా.

ఎత్తు విషయంలో మనవాళ్లకున్న భ్రమకు మూలం సినిమాహాలు. అక్కడ పక్కగోడల మీద స్పీకర్లు బాగా ఎత్తున వరుసగా ఉంటాయి. నిజమే. అక్కడ వందలమంది కూర్చుంటారు. ఎవరో ఒకరి చెవి పక్కనే స్పీకరు పెడితే వాడి గతేమిటి? అందుకని ఎత్తుకు లేపి, ఒకటికి పదిగా పంచారు. ఇంట్లో ఉండేది రెండే స్పీకర్లు, కూర్చునేది నలుగురు. హాలు పైకప్పు పది అడుగులు. కూర్చున్నవాడి చెవి నేలకు మూడున్నర అడుగుల దగ్గర ఉంటుంది. పైకప్పు మూలన బిగించిన స్పీకరు చెవికి ఆరడుగుల పైన ఉన్నట్టు లెక్క. అప్పుడు సంతలోని జనసమ్మర్దం ఆకాశంలో జరుగుతున్నట్టు ఉంటుంది. పైగా మూలకు చేరిన శబ్దం మూడు తలాల నుంచి తిరిగి కొట్టి మొద్దుబారుతుంది. చెవికి ఒకటి నుంచి రెండు అడుగుల పైన ఉంటే చాలు. అంటే నేలకు సుమారు ఐదు అడుగులు, మనం గోడకు ఫోటో తగిలించే ఎత్తు. ఆట్మాస్ పెట్టుకున్నవారు ఇంకా కిందికి, దాదాపు చెవి సమానానికి తేవాలి. లేకపోతే పైకప్పు స్పీకరుకూ దీనికీ భేదం తెలియదు.

ఇప్పుడు ధర్మవరం. మా అక్కయ్యది ఆ ఊరే. ఆమె వయసు డెబ్బై దాటింది. పట్టుమగ్గాల ఊరు గనుక ఆ వీధిలో చప్పుడంటే ఎవరికీ కొత్త కాదు, భయమూ లేదు. ఆమెకు కుడిచెవి వినికిడి కొన్నేళ్లుగా బాగా తగ్గింది, ఎడమచెవి వయసుకు తగినట్టుంది. మేనల్లుడు హాలులో హోమ్ థియేటర్ పెట్టించాడు. బిగించిన పనివాడు ఎడమగోడ మీది స్పీకరును కర్టెన్ కమ్మీ పక్కన, నేరుగా కిందికి వంచి పెట్టి పోయాడు. దానికి సరిగ్గా కింద అక్కయ్య దివాను. ఆ చోటు కిటికీ పక్కది; వీధిలో పోయేవాళ్లు పలకరిస్తారు, గాలి వస్తుంది. ఆమె ఇరవై ఏళ్లుగా అక్కడే కూర్చుంటోంది. నేను పోయినప్పుడల్లా గమనిస్తున్నాను, సినిమా పెట్టగానే ఆమె లేచిపోతోంది. అడిగితే, ‘నాకు బొమ్మ చాలు లేరా, మాటలు మీరు వినుకోండి’ అంది. మేనల్లుడు, ‘అమ్మకు ఇప్పటి సినిమాలు నచ్చవు మామా’ అన్నాడు.

లెక్క చూద్దాం. ఆ హాలు వెడల్పు పది అడుగులు. అక్కయ్య తల ఎడమగోడకు రెండడుగుల దూరంలో, కుడిగోడకు ఎనిమిది అడుగుల దూరంలో ఉంటుంది. ఆరుబయట అయితే దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం ఆరు డెసిబెల్లులు తగ్గుతుంది. నాలుగింతల దూరానికి పన్నెండు. గదిలో గోడల ప్రతిధ్వని వల్ల తేడా కొంత తగ్గినా, ఎడమ స్పీకరు ఆమెకు ఎక్కడో బలంగా మోగుతుంది. శబ్దం ఒక అడుగు నడవడానికి మిల్లీసెకనుకు కాస్త తక్కువ పడుతుంది. ఆరడుగుల తేడా అంటే సుమారు ఐదు మిల్లీసెకన్లు ముందుగా ఎడమది చేరుతుంది. హాస్ సూత్రం ప్రకారం చుట్టూ పరచుకోవలసిన వాన మొత్తం ఆమె నెత్తిమీద ఒక్కచోటే కురుస్తుంది. దీనికితోడు ఆమెకున్న మంచి చెవి ఎడమది. ఆ చెవే స్పీకరు వైపు ఉంది. టీవీ ఆమెకు కుడివైపుకు పడుతుంది, అంటే మాట వచ్చే దిక్కుకు వినపడని చెవి ఉంది. మంచి చెవి చప్పుడుకు, చెడ్డ చెవి మాటకు. ఇంతకంటె చెడ్డ అమరిక పనిగట్టుకుని చేసినా కుదరదు.

వయసుతో వినికిడి తగ్గడం గురించి ఒక మాట చెప్పాలి, ఇది మా వ్యాకరణానికి సంబంధించినది. ముసలితనంలో మొదట పోయేది తారశబ్దాల వినికిడి. అచ్చులలో బలమంతా కిందిస్థాయి శబ్దాలలో ఉంటుంది, అవి నిలుస్తాయి. క చ ట త ప అనే పరుషాలు, శ ష స లు బలహీనమైనవి, పైస్థాయివి, అవి జారిపోతాయి. ‘పాట’ అన్నారో ‘కాట’ అన్నారో ‘తాత’ అన్నారో తెలియదు, ‘ఆ..అ’ అని రెండచ్చులు వినిపిస్తాయి. మాటకు అర్థమిచ్చే భేదమంతా హల్లులలోనే ఉంది కదా. అందుకే వృద్ధులు ‘వినిపిస్తోంది గానీ అర్థం కావడం లేదు’ అంటారు. వాళ్లు చెప్పేది అక్షరాలా నిజం. అప్పుడు మనవాళ్లు చేసేది మొత్తం శబ్దం పెంచడం. శబ్దం పెంచితే వాన కూడా పెరుగుతుంది, కత్తుల గణగణ పెరుగుతుంది, ఆ బలహీనమైన పరుషం మరింత మునిగిపోతుంది. రెండు చెవులూ బాగున్నవాడికి ఒక వరముంది: మాట ఒక దిక్కున, రొద ఒక దిక్కున ఉంటే మనసు రెంటినీ విడదీసుకోగలదు. ఒక చెవితో బతికేవారికి ఆ వరం బాగా తగ్గిపోతుంది.

బడిలో మేమేం చేసేవాళ్లం? వినికిడి తక్కువైన పిల్లవాణ్ణి ముందుబెంచీలో, మంచి చెవి ఉపాధ్యాయుని వైపు ఉండేట్టు కూర్చోబెట్టేవాళ్లం. ఇందులో దయాదాక్షిణ్యాల ప్రసక్తి లేదు, పాఠం చేరడానికి అది ఒక్కటే మార్గం. ఇంట్లో కూడా అదే చేయవచ్చు. అక్కయ్య సోఫా కుడి చివరకు మారితే వినపడని చెవి కుడిగోడ స్పీకరు వైపూ, మంచి చెవి టీవీ వైపూ తిరుగుతాయి. సగం సమస్య అక్కడే తీరుతుంది. కానీ ఆమె కిటికీ వదలదు, వదలమని అడగడం న్యాయమూ కాదు. కనుక మనిషిని వదిలి స్పీకరును కదిలించాము. దివానుకు సూటిగా ఉన్నదాన్ని అడుగున్నర వెనక్కి జరిపాం. కిందికి వంచిన ముఖాన్ని పైకెత్తి, ఆమె తల మీదుగా అవతలి గోడ దగ్గర కూర్చునేవాడి చెవివైపు తిప్పాం. స్పీకరులో తారశబ్దం ముఖం చూపిన దిక్కుకే సూటిగా పోతుంది, పక్కకు తగ్గుతుంది. అందువల్ల దగ్గరున్నవాడికి పదును తగ్గుతుంది, దూరాన ఉన్నవాడికి సరిపడా అందుతుంది. కుడిగోడ దాన్ని కూడా అలాగే ఎడమ చివరకు తిప్పాం. ఇరుకు గదులలో దగ్గరివాణ్ణి తప్పించి దూరపువాడికి గురిపెట్టే ఈ ఏర్పాటు ఎంతో మేలు. తరువాత యంత్రంలో పక్కస్పీకర్లను మూడు డెసిబెల్లులు తగ్గించి, మధ్యస్పీకరును రెండు పెంచాం. సంభాషణలో ఎక్కువభాగం వచ్చేది ఆ మధ్యస్పీకరు నుంచే.

మేనల్లుడు మొదట ఒప్పుకోలేదు. వెనుక నుంచి వచ్చే బాణాల రొద తగ్గిపోయిందన్నాడు. తగ్గింది, అది వాస్తవమే. ఆ రాత్రి అక్కయ్య విశ్రాంతి దాకా కూర్చుంది, ఒకచోట ‘ఏమన్నాడు వాడు?’ అని అడిగింది, చెబితే విని మళ్లీ తెర వైపు తిరిగింది. బాణాల రొద తగ్గినందుకు మేనల్లుడు పొందిన నష్టాన్ని, ఆ ప్రశ్నను పక్కపక్కన పెట్టి తూచుకోమని చెప్పాను. ఇంట్లో వినోదాన్ని అందరిలో చెవి బలం తక్కువైనవారి కొలతకు అమర్చాలన్నదే నా వాదం. సోఫా నడుమ కూర్చున్నవాడికి ఎలా అమర్చినా వినిపిస్తుంది.

పాతసినిమాల విషయంలో మరో అపచారం జరుగుతోంది. ‘మాయాబజార్’ 1957 నాటిది. దాని శబ్దం ఒకే ధార. 2010లో దానికి రంగులద్ది, శబ్దాన్ని డీటీఎస్‌కు మార్చి విడుదల చేశారు. అది వేరు, కూర్చుని శ్రద్ధగా చేసిన పని. ఇంట్లో జరిగేది అది కాదు. పాత నలుపుతెలుపు ప్రతిని పెట్టి, యంత్రం మీద అన్ని స్పీకర్లలోనూ వినిపించే మీట నొక్కుతారు. ఘంటసాలగారి గొంతు ముందు నుంచీ వెనుక నుంచీ గోడ మీది నుంచీ ఒకేసారి మొదలవుతుంది. పద్యానికి ముఖం ఉంటుంది. పాడేవాడి పెదవి కదలికతో పాటు సమాసం విడివడుతుంది, యతి దగ్గర ఊపిరి తెలుస్తుంది. నాలుగు దిక్కుల నుంచి వచ్చిన పద్యంలో ఆ సమాసం చిక్కుపడిన నూలే. పాత చిత్రాలకు పక్కస్పీకర్లను పూర్తిగా ఆపివేసి, మధ్యస్పీకరు ఒక్కదానితో వినండి. డబ్బు పోసి కొన్నవాటిని ఆపడమేమిటని మనసు పీకుతుంది. మృదంగ విద్వాంసుడు కూడా ఆలాపన జరుగుతున్నంతసేపూ చేతులు ముడుచుకునే కూర్చుంటాడు, సంభావన తగ్గించుకోడు.

పెనుకొండలో నేను చూసిన ఇల్లు పాతది, మందపాటి రాతిగోడలు, నేలంతా బండలు. అక్కడ కోణం ఎంత తిప్పినా లాభం లేదు, ముందు గది నోరు మూయించాలి. చప్పట్లు కొడితే గణగణమని తోక సాగింది. నాట్యగృహం కొండగుహ వలె ఉండాలని, గాలి దూరని చిన్న గవాక్షాలుండాలని, గొంతుకు గాంభీర్యం వస్తుందని భరతుడు చెప్పాడు. అయితే గృహం మరీ పెద్దదైతే ఉచ్చారణ చెదిరిపోతుందని హెచ్చరించినవాడూ ఆయనే. పైగా ఆయన చెప్పింది నటుని కంఠానికి, ఐదు స్పీకర్లకు కాదు. నేల మీద పెద్ద జంబుఖానా, కిటికీలకు మందపు తెరలు, పక్కస్పీకరుకు ఎదురుగోడన పుస్తకాల బీరువా: ఈ మూడింటితో ఆ ఇంట్లో మాట తేటపడింది. బీరువాలో పుస్తకాలు ఎగుడుదిగుడుగా ఉన్నంత మంచిది. నా జీవితంలో పుస్తకాలు సర్దకపోవడానికి దొరికిన శాస్త్రీయమైన సాకు అదొక్కటే.

యంత్రం తనకు తానే సరిచేసుకుంటుంది కదా అని కొందరంటారు. ఆధునిక రిసీవర్లలో చిన్న మైకు పెట్టి దూరాలు, బలాలు కొలిచే సదుపాయం ఉంది. చాలా ఉపయోగకరం. కానీ అది లెక్క కట్టగలదే తప్ప మేకు పీకి మరోచోట కొట్టలేదు, ఫ్యాను వైపు తిరిగిన ముఖాన్ని మనవైపు తిప్పలేదు. పైగా ఆ మైకును మనం ఎక్కడ పెడితే అదే దానికి ఇంటి యజమాని చెవి. అందరూ సోఫా నడుమనే పెడతారు. కొన్ని యంత్రాలు ఆరు, ఎనిమిది చోట్ల కొలవనిస్తాయి. అటువంటప్పుడు ఒక కొలత ఇంటి పెద్దలు కూర్చునే చోట, వారి తల ఎత్తున తప్పక తీసుకోండి. ఆ సమయంలో ఫ్యాను ఆపాలి, కుక్కర్ పెట్టకూడదు.

గోడకు రంధ్రం చేసే ముందు ఒక వారం ఓపిక పట్టండి. రెండు ఎత్తుపీటలో, పాత స్టూళ్లో తెచ్చి పక్కస్పీకర్లను వాటి మీద, భుజాల వరుసకు కాస్త వెనుకగా పెట్టండి. సంభాషణ ఎక్కువగా ఉన్న సినిమా ఒక పావుగంట చూసి, పక్కస్పీకర్ల తీగలు ఊడదీసి అదే పావుగంట మళ్లీ చూడండి. తీగలు తీశాక పెద్దవారికి మాట తేలికగా అందితే ముఖం ఇంకొంచెం అవతలికి తిప్పండి, లేదా బలం తగ్గించండి. తీగలు ఉన్నా లేకున్నా మాట ఒకే విధంగా అందుతూ, ఉన్నప్పుడు గది కాస్త విశాలంగా తోస్తే పెన్సిలుతో గోడ మీద గుర్తు పెట్టుకోండి. డ్రిల్లు పట్టుకొచ్చే కుర్రవాడు ఆ గుర్తును చూసి, అంత కిందనా సార్, బాగుండదండీ, అంటాడు. అక్కడే కొట్టమనండి.